కమజోర్ల మీద సెమినార్ పడిందా? సియెర్రా లియోన్ యుద్ధాన్ని ఎట్లా చదవాల, ఎట్లా చెప్పాల

తిరుపతిలో ఎమ్మే పొలిటికల్ సైన్సో హిస్టరీయో చదివేవాళ్ళకి, బాలాజీ కాలనీ పక్క రూమ్ తీసుకోని సివిల్స్‌కో గ్రూప్ వన్‌కో ప్రిపేర్ అయ్యేవాళ్ళకి పశ్చిమ ఆఫ్రికా అంతర్యుద్ధాలు, ఆడ ప్రభుత్వం తరఫున కొట్లాడిన తెగల మిలీషియాలు అని ఒక టాపిక్ పడిందనుకోండి, చానా మంది చేసేది ఒకటే. ఫోన్లో నాలుగు పేజీలు తిప్పేది, ఆఫ్రికా అంటే తెగలు, తెగలంటే కొట్లాటలు, మధ్యలో వజ్రాలు, పిల్లోళ్ళ చేతుల్లో తుపాకులు అని పది స్లైడ్లు చేసేది, చివర్లో థాంక్యూ అని ఇంకో స్లైడు పెట్టి కూర్చునేది. ఇట్లా చెప్పినా మార్కులు పడొచ్చు, కానీ అన్ని వేలమంది ప్రాణాలు పోయిన సంగతిని అంత తేలిగ్గా చెప్పి దిగిపోతే నాకు మనసు ఒప్పుకోదు, అందుకే ఇది రాస్తా ఉండాను.

సియెర్రా లియోన్‌నే తీసుకోమని ఎందుకు చెప్తానంటే, యుద్ధం అయిపోయినాక ఆడ నిజనిర్ధారణ కమిషనూ కూర్చుంది, స్పెషల్ కోర్టూ కూర్చుంది, రెండూ వందలమంది సాక్షుల మాట విని రాసిపెట్టినాయి. ఇంగ్లీషులో అంతా ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాది, ఎవుర్నీ బతిమాలాల్సిన పని లేదు. ఇంకో సంగతి, కమజోర్లు, అంటే ప్రభుత్వం తరఫున కొట్లాడిన మెండే తెగ వేటగాళ్ళ మిలీషియా, గెలిచిన పక్షం. ఓడిపోయినోళ్ళ నేరాల గురించి ఎవురైనా రాస్తారు, గెలిచినోళ్ళ నేరాల మీద, అదీ ఎన్నికైన ప్రభుత్వాన్ని కాపాడడానికి ప్రాణాలు ఇచ్చినోళ్ళ నేరాల మీద విచారణ జరిగింది అంటే అది చదవాల్సిన కేసే.

మొదట మ్యాప్ మీ చేత్తో గీయండి

గూగుల్లో చూసి సరే అనుకుంటే కుదరదు. ఒక ఏ4 పేపరు తీసుకోని ఎడంపక్క అట్లాంటిక్ సముద్రం పెట్టండి, ఉత్తరం, తూర్పు చుట్టుకోని గినీ, ఆగ్నేయంలో లైబీరియా. సముద్రం ఒడ్డున ఫ్రీటౌన్, రాజధాని. దక్షిణంలో బో, తూర్పున కెనెమా, కెనెమాకి పైన టోంగో వజ్రాల గనులు, ఇంకా పైన కోనో జిల్లా, అదీ వజ్రాలే. గినీకి లైబీరియాకి మధ్య మూలన ఇరుక్కోని ఉండేది కైలాహున్ జిల్లా, యుద్ధం మొదలైంది ఆడనే. దక్షిణాన సముద్రం పక్క బాంథే జిల్లా. ఉత్తరంలో కబాలా.

ఇప్పుడు అదే పేపరు మీద వేరే కలర్ పెన్నుతో జనాన్ని రాయండి. దక్షిణం, తూర్పు మెండేలు. ఉత్తరం, పడమర టెమ్నేలు. ఈ రెండూ పెద్ద గుంపులు, ఒక్కొక్కటి దేశ జనాభాలో దగ్గర దగ్గర మూడో వంతు. ఉత్తరానే లింబాలు, లోకోలు, ఈశాన్యంలో కొరాంకోలు, తూర్పున కోనోలు. ఈ రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు మీకే ఒకటి కనపడతాది, తిరుగుబాటు దెబ్బ ముందు తగిలింది మెండేల ఊర్లకి, ఎందుకంటే వాళ్ళు బార్డర్ పక్క ఉన్నారు, గనుల పక్క ఉన్నారు. టోంగో లాంటి గనుల ఊర్లో మాత్రం ఉత్తరం నుంచి పనికోసం వచ్చినోళ్ళు కూడా ఉన్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీనితో పని పడతాది.

తర్వాత డేట్లు. జాస్తి వద్దు, ఇవి చాలు, కానీ ఇవి నోటికి రావాల. 1991 మార్చి 23న ఫొడే శాంకో అనే మాజీ సైనికుడి నాయకత్వంలో రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్, అంటే ఆర్‌యూఎఫ్, లైబీరియా తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ అండతో కైలాహున్‌లోకి దిగింది. 1992 ఏప్రిల్‌లో ఫ్రీటౌన్‌లో సైన్యం కుట్ర చేసి పాతికేళ్ళ కెప్టెన్ స్ట్రాసర్‌ని కుర్చీ ఎక్కించింది. 1996లో ఎన్నికలు జరిగి అహ్మద్ తేజన్ కబ్బా ప్రెసిడెంట్ అయినాడు. 1997 మే 25న మళ్ళీ సైన్యం కుట్ర, ఈసారి కుర్చీ ఎక్కింది జానీ పాల్ కొరోమా, కబ్బా గినీకి పారిపోయినాడు. 1998 ఫిబ్రవరిలో నైజీరియా నాయకత్వంలో ఉండే ఎకోమాగ్, అంటే పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి దళాలు ఫ్రీటౌన్‌ని తిరిగి పట్టుకున్నాయి, మార్చిలో కబ్బా వెనక్కి వచ్చినాడు. 1999 జనవరి 6న ఫ్రీటౌన్ మీద ఘోరమైన దాడి, అదే ఏడాది జులై 7న ప్రభుత్వానికీ ఆర్‌యూఎఫ్‌కీ మధ్య లోమే శాంతి ఒప్పందం. 2002 జనవరిలో యుద్ధం అయిపోయిందని ప్రకటించినారు. చనిపోయినోళ్ళు 50 వేలని ఎక్కువగా చెప్తారు, అంతకన్నా ఎక్కువ చెప్పే లెక్కలూ ఉండాయి, కాబట్టి స్లైడు మీద 'సుమారు' అనే మాట లేకుండా ఏ అంకే వేయొద్దండి.

తెగ ఏది అని మొదలుపెట్టొద్దు, సైన్యం ఎందుకు చెడింది అని మొదలుపెట్టండి

నేను ఈ మొత్తంలో గట్టిగా చెప్పదల్చుకున్నది ఇదే. ప్రభుత్వం పక్కన తెగ మిలీషియా లేచింది అంటే, ఆ తెగకి రక్తంలో యుద్ధం ఉండాదని కాదు, ఊరిని కాపాడాల్సినోళ్ళు కాపాడలేదని. కాబట్టి పేపర్లో మొదటి పేజీ మెండేల ఆచారాల మీద కాదు, సియెర్రా లియోన్ సైన్యం మీద ఉండాల.

ఆ సైన్యానికి యుద్ధం మొదలైనప్పుడు సరైన సామాన్లు లేవు, స్ట్రాసర్ టైంలో పనీపాటా లేని కుర్రోళ్ళని తొందర తొందరగా చేర్చుకున్నారు, జీతాలు సరిగా రావు, తిండి రాదు, అడవిలో పెట్టి వదిలేస్తారు. వాళ్ళలో కొంతమంది ఏం చేసినారంటే, పగలు యూనిఫాం వేసుకోని ఊరికి కాపలా, రాత్రి అదే ఊరిని దోచుకోవడం, కొన్నిచోట్ల తిరుగుబాటుదార్లతోనే లోపాయికారిగా కలిసిపోవడం. సోల్జర్, రెబెల్ రెండూ కలిపి ఆడ జనం వీళ్ళకి సోబెల్స్ అని పేరే పెట్టేసినారు. ఇప్పుడు మీరే ఆ ఊర్లో ఉన్నారనుకోండి. ఆర్‌యూఎఫ్ వస్తే ఇల్లు కాలుస్తారు, పిల్లోళ్ళని ఎత్తుకోని పోతారు, సైన్యం వస్తే బియ్యం, మేకలు పోతాయి. ఎవుర్ని నమ్మాల?

బో టౌన్లో 1994 డిసెంబర్ చివర్లో జరిగింది ఈడ చెప్పండి. ఆర్‌యూఎఫ్ వాళ్ళు టౌన్లోకి దిగితే మామూలు జనమే, కట్టెలు, కత్తులు పట్టుకోని తరిమేసినారు. ఏ ట్రైనింగూ లేదు, ఎవురూ చెప్పలేదు. మిలీషియా అనే పెద్ద మాట వెనకాల ఉండేది ముందు ఇదే, ఇంక మనకి మనమే దిక్కు అనుకున్న జనం.

వేటగాళ్ళ గురించి చెప్పేటప్పుడు

ఈడ క్లాసులో నవ్వులు వస్తాయి, అందుకే కొంచెం జాగ్రత్తగా చెప్పాల. కమజోర్లు మెండేల ఊర్లలో సంప్రదాయ వేటగాళ్ళు. ఊరికి మాంసం తెచ్చేదీ వాళ్ళే, చేన్ల మీద పడే జంతువుల్ని, మనుషుల మీదికి వచ్చే చిరుతల్ని చూసుకునేదీ వాళ్ళే. మన పలమనేరు, కుప్పం పక్క ఏనుగులు చేన్లోకి దిగిన రాత్రి అడవి దారులు తెలిసిన మనిషి ఊర్లో ఉంటే జనం ఎంత ధైర్యంగా ఉంటారో ఆలోచించండి, వేటగాడికి ఊర్లో ఉండే మర్యాద అట్లాంటిది. అడవి తెలుసు, నాటు తుపాకీ ఉండాది, ఊరిపెద్దకి మాట ఇచ్చినాడు. సైన్యం మొదట్లో వీళ్ళని దారి చూపేవాళ్ళుగా వాడుకుంది, మెల్లగా వాళ్ళే సొంతంగా నిలబడినారు. కెనెమా పక్క ఊర్లని కూడగట్టి రక్షణ కమిటీ పెట్టినోళ్ళలో ఫౌరా బే కాలేజీ హిస్టరీ లెక్చరర్ అల్ఫా లవాలీ కూడా ఉన్నాడు, అంటే చదువుకున్నోళ్ళు, చీఫులు, వేటగాళ్ళు అందరూ కలిసి కట్టుకున్న పని ఇది.

తర్వాత సంఖ్య పెరిగే కొద్దీ అసలు వేటతో సంబంధం లేని కుర్రోళ్ళు వేలల్లో చేరినారు, చానా మంది ఇల్లూవాకిలీ పోగొట్టుకోని క్యాంపుల్లో బతికేవాళ్ళు. వాళ్ళని దీక్ష ఇచ్చి చేర్చుకునేవాళ్ళు. దీక్ష తీసుకున్నోడికి బుల్లెట్ తగలదు అని నమ్మకం, కానీ దానికి నియమాలు ఉండాయి. యుద్ధానికి పోయేముందు ఆడమనిషిని తాకకూడదు, దోచుకోకూడదు, అమాయకుల్ని చంపకూడదు, తప్పితే రక్షణ పోతాది. ఒంటి మీద వేసుకునేది రోంకో అనే చొక్కా, చేత్తో నేసిన ముతక బట్టకి మట్టి రంగు అద్ది, దాని మీద తాయెత్తులు, గవ్వలు, చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉంటాయి. ఫోటోలో ఆ చొక్కా మీద, చేతిలో ఉండే ఏకే 47 మీద కళ్ళు నిలిపి ఇది మూఢనమ్మకం అని ఒక్క ముక్కలో తీసిపారేయొద్దండి. ఆ నియమాలు చేసిన పని చూడండి. జీతం లేని, కోర్టు మార్షల్ లేని, పై ఆఫీసర్ కనపడని గుంపులో క్రమశిక్షణ అంటూ ఏదైనా ఉండాదంటే ఆ భయం వల్లనే. ఊరు దాటనంతవరకూ, సొంత చీఫ్ కళ్ళ ముందు ఉన్నంతవరకూ అది బాగానే పనిచేసింది. ఊరోడు ఊర్లోనే తప్పు చేస్తే రేపు ఆ ఊర్లోనే తలెత్తుకోని తిరగాల కదా.

ఇంకో మాట, కమజోర్లు ఒక్కరే కాదు. కొరాంకోలకి తమబోరో, కోనోలకి డోన్సో, టెమ్నేలకి గ్బెతి, కాప్రా అని వేరే వేరే గుంపులు ఉన్నాయి. తమబోరోలు కమజోర్ల కన్నా ముందే పేరు తెచ్చుకున్నారు. ఈ ఒక్క లైను మీ పేపర్లో ఉంటే మెండేలు ఒక పక్క, మిగతావాళ్ళంతా ఇంకో పక్క అనే తప్పుడు బొమ్మ పడదు.

1996 నుంచి 1998 వరకు మెల్లగా చదవండి

మిగతా ఏళ్ళని తొందరగా దాటేసినా పర్లేదు, ఈ రెండేళ్ళు మాత్రం రెండు సార్లు చదవాల.

కబ్బా ప్రెసిడెంట్ అయినాక శామ్ హింగా నార్మన్‌ని డిప్యూటీ డిఫెన్స్ మినిస్టర్ చేసినాడు. నార్మన్ మాజీ సైనికాధికారి, జయామా బోంగోర్ అనే చీఫ్‌డమ్‌కి (చీఫ్ ఏలుబడిలో ఉండే ప్రాంతం) రీజెంట్ చీఫ్, అంటే తాత్కాలిక చీఫ్, కమజోర్లకి పెద్ద దిక్కు. అంటే ఊర్ల కాపలా గుంపు ఇప్పుడు రక్షణ శాఖలోకి నేరుగా తలుపు ఉండే బలగం అయిపోయింది. సైన్యానికి కడుపు మండింది, మమ్మల్ని పక్కన పెట్టి వేటగాళ్ళకి మర్యాదా అని. 1997 మేలో కుట్ర చేసినప్పుడు వాళ్ళు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి, గద్దెనెక్కినాక కమజోర్లని రద్దు చేస్తున్నాం అని ప్రకటించినారు కూడా. కుట్ర చేసిన సైనికులు ఆర్‌యూఎఫ్‌ని ఫ్రీటౌన్‌కి పిలిచి చేతులు కలిపినారు. ఇప్పుడు సీన్ చూడండి, దేశ సైన్యమే తిరుగుబాటుదార్లతో కలిసిపోయింది, ఎన్నికైన ప్రెసిడెంట్ పక్క దేశంలో ఉండాడు, ఆయన కోసం తుపాకీ పట్టుకోని మిగిలిన ఆ దేశం వాళ్ళలో ముఖ్యమైనోళ్ళు వేటగాళ్ళే.

ఆ టైంలోనే ఈ గుంపులన్నిటినీ కలిపి సివిల్ డిఫెన్స్ ఫోర్సెస్, సీడీఎఫ్ అని ఒక పేరు కిందికి తెచ్చినారు. నార్మన్ నేషనల్ కోఆర్డినేటర్, మొయినినా ఫొఫానా యుద్ధ డైరెక్టర్, అల్లియు కొండేవా హై ప్రీస్ట్, అంటే దీక్షలిచ్చే పెద్ద. బాంథే జిల్లాలో తాలియా అనే ఊర్లో హెడ్‌క్వార్టర్ పెట్టినారు, దానికి బేస్ జీరో అని పేరు. ఆడికి దేశం నలుమూలల నుంచి కుర్రోళ్ళు వచ్చి ట్రైనింగ్, దీక్ష తీసుకునేవాళ్ళు.

మీ పేపరుకి గుండెకాయ ఈడ ఉండాది. ఊర్లో చీఫ్‌కి జవాబు చెప్పే కాపలాదారుడు, బేస్ జీరోలో కమాండర్‌కి జవాబు చెప్పే సైనికుడు అయినాడు. సొంత ఊరు వదిలి, తనని ఎవురూ గుర్తుపట్టని ఊర్లకి పోతా ఉండాడు. పాత నియమాలు నోటి మీద ఉండాయి గానీ వాటిని పట్టి అడిగే పెద్దలు పక్కన లేరు. పైన ఉండాల్సిన ప్రభుత్వం గినీలో ఉండాది. తప్పు చేస్తే అడిగేదెవురు? మిలీషియా మారిపోయేది ఈడనే, ఏ దేశంలో అయినా ఈ మలుపు ఎప్పుడు వచ్చిందో వెతకండి.

టోంగో గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, నెమ్మదిగా

1997 డిసెంబర్లో బేస్ జీరోలో ట్రైనింగ్ అయిపోయిన కుర్రోళ్ళ ముందు నార్మన్ మాట్లాడినాడని కోర్టు రికార్డుల్లో ఉండాది. టోంగో ఎవరి చేతిలోకి వస్తే యుద్ధంలో వాళ్ళదే గెలుపు అన్నట్టు, పట్టుకున్నోళ్ళని పెట్టుకోవడానికి మన దగ్గర చోటు లేదు, వాళ్ళకి సాయం చేసినోళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు అన్నట్టు సాక్షులు చెప్పినారు. 1998 జనవరి మధ్యలో కమజోర్లు టోంగోని పట్టుకున్నారు.

పారిపోయే జనాన్ని దారిలో చెక్‌పోస్టుల దగ్గర ఆపి, కొన్నిచోట్ల లైన్లలో నిలబెట్టి, లోకోలు, లింబాలు, టెమ్నేలు ఎవరో పక్కకి రమ్మన్నారు. మ్యాప్ మీద గనుల ఊర్లో ఉత్తరాది జనం ఉన్నారని గుర్తు పెట్టుకోమన్నాను కదా, వాళ్ళే వీళ్ళు. ఉత్తరం వాళ్ళంటే కుట్ర చేసిన సైనికులకి చుట్టాలు, సాయం చేసినోళ్ళు అని అనుమానం. అట్ల పక్కకి నిలబడినోళ్ళని చంపినారు, చానా మందిని కత్తులతోనే. ఏం నేరం చేసినారు వాళ్ళు? గనిలో మట్టి మోసుకోని బతికినోళ్ళు, అంగడి పెట్టుకున్నోళ్ళు. కోరిబొండో, బో, కెనెమాలో కూడా హత్యలు, ఇండ్లు కాల్చడం, దోపిడీలు జరిగినాయి, కెనెమాలో పోలీసుల్ని చంపినారు.

ఈ భాగం చెప్పేటప్పుడు ఫోటోలు పెట్టొద్దండి. చనిపోయినోళ్ళ ఫోటోలు పెట్టి క్లాసుని షాక్ చేయడం చదువు కాదు. ఆ చెక్‌పోస్టు దగ్గర మనుషుల్ని ఎట్లా వేరు చేసినారో ఒక్క పేరాలో చెప్పండి, చాలు. కాపాడే గుంపుగా పుట్టింది మనిషి పుట్టుకని బట్టి శత్రువు ఎవరో తేల్చే గుంపుగా ఎప్పుడు మారిందో వినేవాళ్ళకి అదే చెప్తాది.

బ్యాలెన్స్ కోసం ఒక లెక్క తప్పకుండా పెట్టండి. నిజనిర్ధారణ కమిషన్ 2004లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం తమ దగ్గర నమోదైన ఉల్లంఘనల్లో దగ్గర దగ్గర 60 శాతం ఆర్‌యూఎఫ్‌వి, సీడీఎఫ్‌వి సుమారు 6 శాతం. ఈ అంకె చూపించి కమజోర్లని వదిలేయడానికి కాదు, అందరూ ఒకటే అని చేతులు దులుపుకోకుండా ఉండడానికి. ఆరు శాతంలో చనిపోయిన మనిషికి మిగతా అరవై శాతంతో ఏం సంబంధం?

తీర్పు చదవడం ఎట్లా

సీడీఎఫ్ నాయకుల మీద స్పెషల్ కోర్టు ఇచ్చిన తీర్పు వందల పేజీలు ఉంటాది, భయపడొద్దు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టినోళ్ళు ఇరవయ్యో పేజీలో ఆపేస్తారు. ముందు చివర్లో ఉండే నిర్ణయం భాగం చదవండి, ఏ నేరానికి దోషి, ఏ నేరానికి కాదు అని ఒక టేబుల్ గీసుకోండి. తర్వాత ఒక్క ఊరి మీద వాస్తవాల భాగం, అంటే టోంగోదో కోరిబొండోదో పూర్తిగా చదవండి. మూడోది, విడిగా రాసిన అభిప్రాయాలు. అసలు వాదన ఉండేది ఆడనే.

కథ ఇట్లా జరిగింది. 2003 మార్చి 10న నార్మన్‌ని అరెస్టు చేసినప్పుడు ఆయన హోం మినిస్టర్‌గా ఉన్నాడు, ఆఫీసులోనే పట్టుకున్నారు. విచారణ 2004 జూన్‌లో మొదలైంది. తీర్పు రాకముందే 2007 ఫిబ్రవరి 22న సెనెగల్ రాజధాని డకార్‌లో, ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఆయన చనిపోయినాడు, ఆయన మీద కేసు అంతటితో ముగిసింది. కాబట్టి నార్మన్‌కి శిక్ష పడింది అని రాస్తే తప్పు, దోషి అని రాసినా తప్పు, ఈ ఒక్కటీ చానా పేపర్లలో చూస్తా ఉంటాను. 2007 ఆగస్టు 2న మిగిలిన ఇద్దరూ దోషులని తేల్చినారు, అక్టోబర్లో ఫొఫానాకి 6 ఏళ్ళు, కొండేవాకి 8 ఏళ్ళు వేసినారు. శిక్ష ఎందుకు తక్కువ అంటే, వీళ్ళు ఎన్నికైన ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టడానికి కొట్లాడినారు అనేదాన్ని జడ్జీలు లెక్కలోకి తీసుకున్నారు. ముగ్గురు జడ్జీల్లో సియెర్రా లియోన్‌కి చెందిన జడ్జి థాంప్సన్ అయితే అసలు ఇద్దరినీ వదిలేయాలి, దేశాన్ని కాపాడుకోవాల్సిన అవసరంలో చేసినారు అని విడిగా రాసినాడు.

2008 మే 28న అప్పీల్ కోర్టు దీన్ని తిప్పేసింది. యుద్ధం న్యాయమైన కారణానికే అయినా పౌరుల్ని చంపినదానికి శిక్ష తగ్గదు అని చెప్పి, ఫొఫానాకి 15, కొండేవాకి 20 ఏళ్ళు చేసింది. అదే తీర్పులో సామూహిక శిక్ష, అంటే కొందరి తప్పుకి జనమందరినీ శిక్షించడం, అనే నేరం కింద ఇద్దర్నీ దోషులన్నది కొట్టేసింది, పిల్లల్ని చేర్చుకున్నాడని కొండేవా మీద తేల్చిందీ కొట్టేసింది. అంటే ఒకే తీర్పు శిక్ష పెంచింది, కొన్ని నేరాలు తీసేసింది, రెండూ చెప్పాల.

నాకైతే అప్పీల్ కోర్టు మాటే సరి అనిపిస్తాది. నీ పక్షం న్యాయమైనది అయితే నీ మీద పడే బాధ్యత పెరగాల గానీ తగ్గకూడదు. మీకు థాంప్సన్ వాదన నచ్చితే అదే చెప్పండి, కానీ ఆయన రాసింది చదివి చెప్పండి.

ఇంకోటి, ఇది చానా మంది చూడరు. ఆడవాళ్ళ మీద జరిగిన లైంగిక హింసని కేసులో చేర్చాలని ప్రాసిక్యూషన్ అడిగితే, ఆలస్యం అయింది అని 2004లో కోర్టు ఒప్పుకోలేదు. చెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ సంగతి చెప్పకుండానే సాక్ష్యం ముగించాల్సి వచ్చింది. కాబట్టి తీర్పులో లేదు కదా అని జరగలేదు అని రాయొద్దు. తీర్పు ఏం చెప్పిందో ఎంత ముఖ్యమో, దేన్ని లోపలికి రానివ్వలేదో అదీ అంతే ముఖ్యం, దీనికి మీ పేపర్లో ఒక పేరా ఇచ్చి తీరాల.

సల్వా జుడుంతో పోల్చొచ్చా?

పోల్చండి, మన క్లాసులో ఎవురో ఒకరు ఎట్లాగూ అడుగుతారు. 2005లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ పక్క మావోయిస్టులకి ఎదురుగా ప్రభుత్వం అండతో సల్వా జుడుం లేచింది, ప్రభుత్వమే ఆదివాసీ కుర్రోళ్ళని స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరు పెట్టి తుపాకులిచ్చింది, ఊర్లు ఖాళీ అయినాయి, వేలమంది ఖమ్మం పక్క అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2011 జులై 5న సుప్రీం కోర్టు, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ బెంచ్, చదువూ ట్రైనింగూ సరిగా లేని ఆదివాసీ యువకుల్ని అట్లా యుద్ధంలోకి దింపడం రాజ్యాంగానికి విరుద్ధం అని చెప్పింది. మన తెలుగాయన ఉండే బెంచ్ ఇచ్చిన తీర్పు, అది కూడా ఒకసారి చదివి పోండి.

కానీ తేడా చెప్పకుండా పోల్చొద్దు. ఛత్తీస్‌గఢ్‌లో రాజ్యం బలంగా ఉండాది, పోలీసులు ఉన్నారు, సీఆర్‌పీఎఫ్ ఉండాది, కోర్టులు పనిచేస్తా ఉండాయి, అయినా ప్రభుత్వం తన పనిని ఆదివాసీ కుర్రోడి భుజం మీద పెట్టింది. సియెర్రా లియోన్‌లో రాజ్యమే కూలిపోయింది, సైన్యమే శత్రువుతో కలిసింది. ఒకచోట చేయగలిగీ చేయలేదు, ఇంకోచోట చేయడానికి చేతులే లేవు. కలిసేది ఎక్కడంటే, రెండుచోట్లా తుపాకీ ఇచ్చినోళ్ళు దూరంగా ఉన్నారు, దానికి బలైనోళ్ళు, పట్టుకున్నోళ్ళు పక్క పక్క ఇండ్లోళ్ళు.

క్లాసులో వచ్చే ప్రశ్నలు

ఇండియాకి ఏం సంబంధం అని తప్పకుండా అడుగుతారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకి ఆడ మొదట కమాండర్‌గా ఉన్నది మన మేజర్ జనరల్ విజయ్ కుమార్ జెట్లీ. 2000 మే నుంచి కైలాహున్‌లో ఆర్‌యూఎఫ్ చుట్టుముట్టిన 222 మంది మన గూర్ఖా రైఫిల్స్ జవాన్లని, వాళ్ళతో ఉన్న అబ్జర్వర్లని జులై మధ్యలో ఆపరేషన్ ఖుక్రీ పేరుతో బయటికి తెచ్చినారు. రెండు నిమిషాల్లో చెప్పి ముగించండి, టాపిక్ మిలీషియాల మీద గానీ మన సైన్యం మీద కాదు.

తర్వాత వాళ్ళు ఏమైపోయినారు అని అడిగితే, ఆయుధాలు అప్పగించే కార్యక్రమంలో మొత్తం 72 వేల పైచిలుకు మంది నమోదు అయితే అందులో సగం పైన, సుమారు 37 వేలు, సీడీఎఫ్ వాళ్ళే. యుద్ధం గెలిచినోళ్ళు అనుకున్నోళ్ళు ఊరికి పోయి మళ్ళీ కూలి పనీ, మోటర్‌బైక్ ట్యాక్సీ, గని పనీ చూసుకున్నారు. మమ్మల్ని వాడుకోని మా నాయకుడిని కోర్టుకి అప్పగించినారు అని దక్షిణంలో కబ్బా పార్టీ మీద కోపం మిగిలిపోయింది, 2007 ఎన్నికల్లో ఆ పార్టీ ఓడిపోవడానికి దక్షిణం ఓట్లు చీలడం ఒక కారణం.

ఇప్పటికీ ఇట్లాంటివి ఉండాయా అని అడుగుతారు, దానికి మాలి, బుర్కినా ఫాసో రెడీగా పెట్టుకోండి. మాలిలో డోగోన్ తెగ వేటగాళ్ళతో 2016లో డాన్ నా అంబసాగు పుట్టింది, జిహాదీల నుంచి ఊర్లని కాపాడతాం అని. 2019 మార్చి 23న ఓగోసాగు అనే ఫులానీ తెగ ఊరి మీద దాడిలో 150 మందికి పైగా చనిపోయినారు, డోగోన్ వేటగాళ్ళ మీదే ఆరోపణ వచ్చింది, వాళ్ళు కాదన్నారు. మర్నాడే ప్రభుత్వం ఆ సంస్థని రద్దు చేస్తున్నామని ప్రకటించింది, కానీ వాళ్ళు ఆయుధాలు దించలేదు. బుర్కినా ఫాసో 2020 జనవరిలో చట్టమే చేసి ఊరోళ్ళకి కొద్దిరోజుల ట్రైనింగ్ ఇచ్చి వలంటీర్లు అని తుపాకులు ఇచ్చింది. ఈ రెండిటికీ సమాధానం చెప్పేటప్పుడు సియెర్రా లియోన్‌కి వేసిన ప్రశ్నలే వేయండి, సైన్యం ఎందుకు రాలేదు, తుపాకీ ఎవురిచ్చినారు, సొంత ఊరు దాటి ఎప్పుడు పోయినారు, అనుమానం ఏ తెగ మీద పడింది, తప్పు చేస్తే అడిగే మనిషి ఉన్నాడా.

టైం ఇరవై నిమిషాలే ఇస్తే మ్యాప్‌కి మూడు, సైన్యం చెడిపోవడానికి నాలుగు, బేస్ జీరో, టోంగోకి ఏడు, తీర్పుకి నాలుగు, మిగతా రెండు సల్వా జుడుంకి పెట్టుకోండి. పేర్లు ముందురోజు రాత్రి గట్టిగా పలికి చూసుకోండి, మొయినినా ఫొఫానా అనే పేరు దగ్గర చానా మంది తడబడతారు.